గడియారం లేని గదిలో ఐదుగురు

(‘స్పేస్ బ్రదర్స్’ అనే యానిమేలో, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌లో, వ్యోమగామి అభ్యర్థులకు పెట్టే మనస్తత్వ పరీక్షలపై ప్రసంగ పాఠం. సైకాలజీ విద్యార్థులు, యానిమే అభిమానులు కలిసి కూర్చున్న సభ.)

అందరికీ నమస్కారం.

ముందు వరసల్లో ఉన్నవాళ్ళు సైకాలజీ పిల్లలని చేతుల్లో నోట్‌బుక్కులు చూస్తేనే తెలుస్తోంది. వెనక వరసలవాళ్ళ సంగతి టీషర్టులే చెబుతున్నాయి. (నవ్వులు) ఈ ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడాలంటే ముందు కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

‘స్పేస్ బ్రదర్స్’ చూయా కోయామా రాసి గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. 2007 చివర్లో మొదలైంది. దాన్ని ఎ-వన్ పిక్చర్స్ వాళ్ళు యానిమేగా తీశారు. 2012 ఏప్రిల్ నుంచి 2014 మార్చి దాకా 99 ఎపిసోడ్లు వచ్చాయి. నన్బా ముత్తా, నన్బా హిబితో అన్నదమ్ములు. చిన్నప్పుడు ఇద్దరూ అంతరిక్షంలోకి వెళ్ళాలని ఒట్టు పెట్టుకుంటారు. తమ్ముడు మాట నిలబెట్టుకుని నాసాలో వ్యోమగామి అయ్యాడు, చంద్రుడి మీదికి వెళ్ళబోతున్నాడు. అన్న కార్ల కంపెనీలో ఇంజనీరుగా మిగిలిపోయాడు. అది కూడా ఎన్నాళ్ళు? తమ్ముణ్ణి తేలిక చేసి మాట్లాడిన బాస్‌ని తలతో ఒక్క గుద్దు గుద్ది ఉద్యోగం ఊడగొట్టుకున్నాడు. కథ అక్కడ మొదలవుతుంది. అది జరిగేది 2025లో. కోయామా దూరంగా ఊహించిన భవిష్యత్తు మనకి అప్పుడే వచ్చేసింది, చంద్రుడి మీద మాత్రం ఇంకా ఎవరూ కాపురం పెట్టలేదు.

సరే. ఇప్పుడు మీలో ఒకరు జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సాలో సైకాలజిస్టు అనుకోండి. ముత్తా దరఖాస్తు మీ టేబుల్ మీదికి వచ్చింది. వయసు ముప్పై దాటింది, ఉద్యోగం లేదు, పోవడానికి కారణం పై అధికారిని కొట్టడం. మీరు ఏం రాస్తారు?

(సభలోంచి: ‘రిజెక్ట్!’)

అంతే కదా. కోపం మీద అదుపు లేదు, అధికారం అంటే గిట్టదు, పక్కన పెట్టండి అని రాస్తారు. నేనైనా అదే రాస్తానేమో. పరీక్ష పెట్టేవాళ్ళకి ఉండే మొదటి ఇబ్బంది అదే. ఆ సిరీస్‌లో నన్ను కట్టిపడేసింది కూడా ఆ ఇబ్బందిని దాచకుండా చూపించడమే.

వ్యోమగాముల ఎంపికలో మనస్తత్వ నిపుణుడికి రెండు పనులు ఉంటాయి. ఒకటి తీసెయ్యడం. తీవ్రమైన మానసిక జబ్బు ఉందా, ఇరుకు గదిలో ఊపిరాడనట్టు అవుతుందా, తాగుడు అలవాటుందా అని చూసి, అలాంటివాళ్ళని పక్కన పెట్టడం. దీనికి ప్రశ్నాపత్రాలున్నాయి, ఇంటర్వ్యూలున్నాయి, చాలావరకు నమ్మకంగా చెయ్యొచ్చు. రెండోది ఎంచుకోవడం. మిగిలినవాళ్ళందరూ ఆరోగ్యవంతులే, తెలివైనవాళ్ళే, మంచివాళ్ళే. వీళ్ళలో ఆరు నెలలు ఒక డబ్బాలో కలిసి బతకగలిగేది ఎవరు? ఇక్కడికి వచ్చేసరికి మా శాస్త్రం నత్తి నత్తిగా మాట్లాడుతుంది.

ఎందుకంటే, మార్కులు దిద్దుకోవడానికి మాకు సగం పేపరే దొరుకుతుంది. ఎంపికైనవాడు పైకి వెళ్ళాడు, బాగానే పనిచేశాడు, సరే. మేం వద్దన్నవాడి సంగతి? వాడు వెళ్ళనే లేదు. వెళ్ళి ఉంటే పాడుచేసేవాడా, అదరగొట్టేవాడా అన్నది తెలుసుకునే దారే లేదు.

చరిత్రలో ఒక్కసారి మాత్రం ఆ రెండో సగం పేపర్ బయటపడింది. 1959లో అమెరికా తన మొదటి వ్యోమగాముల కోసం సైనిక టెస్ట్ పైలట్ల ఫైళ్ళు 508 తిరగేసింది. అందులో 110 మందికి అర్హత ఉందని తేల్చింది. వడపోసి వడపోసి చివరికి 32 మందిని న్యూ మెక్సికోలోని లవ్‌లేస్ క్లినిక్‌కి, తర్వాత ఒహాయోలోని వైమానిక దళం ల్యాబుకి పంపింది. శరీరంలో గుచ్చని చోటు లేదు, అడగని ప్రశ్న లేదు. సిరా మరకలు చూపించి ఏం కనిపిస్తోంది అన్నారు. ‘నేను ఎవరిని?’ అనే ప్రశ్నకి ఇరవై జవాబులు రాయమన్నారు. మొదటి ఐదారు సులువే: భర్తని, తండ్రిని, పైలట్‌ని... పన్నెండోది దాటాక చూడండి, అప్పుడు మనిషి బయటికొస్తాడు. ఇంటికెళ్ళి ఒకసారి మీరూ రాసి చూడండి.

ఆ 32 మందిలో పీట్ కాన్రాడ్ ఒకడు. ఖాళీ తెల్ల కార్డు చేతికిచ్చి ఇందులో ఏం కనిపిస్తోంది అని అడిగితే, ‘దీన్ని తలకిందులుగా పెట్టారు’ అన్నాడట. (నవ్వులు) డాక్టర్లకి నవ్వు రాలేదు. దీర్ఘకాల యాత్రలకు పనికిరాడని రాసి పంపేశారు. మూడేళ్ళ తర్వాత, 1962లో, రెండో జట్టులో అదే కాన్రాడ్‌ని నాసా తీసుకుంది. 1965లో జెమిని-5లో ఎనిమిది రోజులు ఉన్నాడు, అప్పటికి అదే రికార్డు. 1969 నవంబరులో అపోలో-12లో వెళ్ళి చంద్రుడి మీద కాలుపెట్టిన మూడో మనిషి అయ్యాడు. 1973లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మొదటి బృందానికి కమాండర్‌గా 28 రోజులు గడిపాడు. అప్పటికి అదీ రికార్డే. దీర్ఘకాల యాత్రలకు పనికిరానివాడు!

ముత్తాని చూసినప్పుడల్లా నాకు కాన్రాడే గుర్తొస్తాడు. వద్దని రాయడానికి కారణాలన్నీ ఫైల్లో ఉన్న మనిషి.

ముత్తా ఇంటర్వ్యూ చూడండి. ఎదురుగా వరసగా పెద్దమనుషులు. వాళ్ళలో హోషికా అనే ఆయన ఉంటాడు. ముత్తా చిన్నప్పటినుంచీ ఆయనకి తెలుసు. అభ్యర్థి కూర్చునే కుర్చీ మర (స్క్రూ) వదులుగా ఉంటుంది, కావాలనే వదులు చేసి పెట్టారు. మిగతావాళ్ళు జవాబుల మీదే దృష్టి పెట్టారు. మనవాడు జవాబులు తడబడుతూ చెబుతూనే, కింద మర వదులైందన్న సంగతి పట్టుకున్నాడు. వాడి బుర్ర ఎప్పుడూ అలా పక్కదారులు పడుతూనే ఉంటుంది, ఇంజనీరు కదా. నేలమీద ఆఫీసులో అది పరధ్యానం. నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున, ఏ మర వదులైతే ఏం ఊడుతుందో తెలియని చోట, అదే గుణం ప్రాణం కాపాడొచ్చు. ఏది లోపం, ఏది గుణం అన్నది చోటుని బట్టి మారుతుందన్న సంగతి ఆ కుర్చీతో చెప్పేశారు, డైలాగు అక్కర్లేకుండా.

ఇక అసలు పరీక్ష. పదిహేను మంది మిగిలారు. కిటికీలు మూసేసిన బస్సుల్లో తీసుకెళ్ళి, ఐదుగురు చొప్పున మూడు జట్లుగా మూసిన మాడ్యూళ్ళలో పెడతారు. రెండు వారాలు. బయటి వెలుతురు లేదు, ఫోన్ లేదు, గోడల నిండా కెమెరాలు. రోజూ పనులు ఇస్తారు, భోజనం కొలిచి ఇస్తారు. చివరి రోజున ఒక్కటే ప్రశ్న: మీ ఐదుగురిలో వ్యోమగామి కాదగ్గ ఇద్దరు ఎవరో మీరే తేల్చుకుని చెప్పండి.

యానిమే చూసినవాళ్ళు చాలామంది ఆ ప్రశ్న గురించే మాట్లాడతారు. నాకు అంతకన్నా గడియారం ముఖ్యం. గది అంటే గది కాదండీ, కాలం లేని చోటు అది. మనిషికి టైమ్ తెలియకపోతే ముందు నిద్ర గాడి తప్పుతుంది, తర్వాత ఆకలి, ఆ తర్వాత కోపం. ముత్తా జట్టులో ఒక రోజు గడియారం పగిలిపోతుంది. ఎవరు పగలగొట్టారో తెలీదు. ఉన్నది ఐదుగురే, ఆ ఐదుగురిలో ఒకరు చేశారు. ఎవరూ ఒప్పుకోరు. అక్కణ్ణుంచి ఆ గదిలో గాలి మారిపోవడం చూడండి. అన్నం తినేటప్పుడు చూపులు, మాట మధ్యలో ఆగిపోవడం, ‘నేను కాదు’ అని అడగకుండానే చెప్పుకోవడం. అరుపులు తక్కువ, అనుమానం ఎక్కువ.

తర్వాత తెలుస్తుంది, అది గ్రీన్ కార్డు పని అని. పరీక్ష పెట్టేవాళ్ళు రహస్యంగా ఒకరికి ఆకుపచ్చ కార్డు పంపి, ఫలానా గొడవ సృష్టించు, ఎవరికీ చెప్పకు అని రాస్తారు. జట్టులోకి ఒత్తిడిని సూదిమందులా ఎక్కించడం అన్నమాట. అందరూ గదిలో ఒత్తిడిని ఎలా తట్టుకుంటున్నారో కెమెరాల వెనక కూర్చుని చూస్తారు.

ఇక్కడ నాకు రచయితతో పేచీ ఉంది. కథగా అద్భుతం. పరీక్షగా అయితే నేను ఒప్పుకోను. రేపు నిజంగా ప్రాణాలు ఒకరి చేతిలో ఒకరు పెట్టాల్సినవాళ్ళకి, ‘పక్కవాడు నీకు అబద్ధం చెప్పొచ్చు, పైవాళ్ళే చెప్పిస్తారు’ అని మొదటి పాఠం నేర్పిస్తే, ఆ విషం ఎన్నాళ్ళు ఉంటుందో ఎవరు చెప్పగలరు? పైగా నలిగిపోయేది అనుమానించేవాళ్ళు కూడా కాదు, కార్డు అందుకున్నవాడు. చేసిన పని తనదే, కారణం తనది కాదు, చెప్పుకునే వీలు లేదు. ఆ ముఖాన్ని యానిమే చాలా నిజాయితీగా చూపిస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

మరి నిజం జాక్సాలో ఏం చేస్తారు? సుకుబా అంతరిక్ష కేంద్రంలో నిజంగానే మూసిన గది ఉంది. 2008లో నోటిఫికేషన్ ఇస్తే 963 మంది దరఖాస్తు పెట్టారు. చివరికి మిగిలిన పదిమందిని ఆ గదిలో వారం రోజులు ఉంచారు, రాత్రీ పగలూ కెమెరాల కింద. అంతరిక్షంలో ఉన్నవాళ్ళ మనసుకి ఊరట ఇచ్చే రోబో ఒకటి జట్టుగా తయారుచెయ్యమన్నారు. వాటన్నిటికంటే నాకు నచ్చింది కాగితం కొంగలు.

వెయ్యి కొంగలు మడిచి దారానికి గుచ్చడం జపాన్‌లో ఉన్న ఆచారమే. జబ్బుపడ్డవాళ్ళు కోలుకోవాలని మడిచి ఇస్తారు. ఈ పరీక్ష కోసం దాన్నే తీసుకున్నారు. చిన్న చదరపు కాగితం, మడత మీద మడత. ముక్కు సన్నగా రావాలి, రెక్కలు సమానంగా ఉండాలి. ఒక్క కొంగ ఎవరైనా చేస్తారు. పదోది కూడా బాగుంటుంది. మిగతా పనుల మధ్యలో, నిద్ర చాలక, పక్కన ఎనిమిది తొమ్మిది మంది మసలుతుంటే, గడువు తరుముకొస్తుంటే చెయ్యాల్సిన యాభయ్యో కొంగ సంగతేమిటి? దారానికి గుచ్చమనడంలోనే ఉంది కిటుకు. మడిచిన వరసలోనే ఉంటాయి కదా, పరీక్షకులు తీరిగ్గా మొదటి కొంగనీ చివరి కొంగనీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ముక్కు వంకర పోయిందా, మడత గీత తప్పిందా, ఎక్కణ్ణుంచి తప్పింది? మీ ఓపిక ఏ రోజు అయిపోయిందో దారమే చెబుతుంది. ప్రశ్నాపత్రంలో ‘మీకు ఓపిక ఉందా?’ అంటే అందరూ ఉందనే టిక్ పెడతారు. కొంగకి అబద్ధం చెప్పడం రాదు. అంతకుముందు ఎంపికలో తెల్ల జిగ్సా పజిల్ ఇచ్చారు, బొమ్మ లేకుండా, ముక్కలన్నీ తెల్లగా. అదీ ఇలాంటిదే.

ఆ పదిమందిలోంచి 2009 ఫిబ్రవరిలో ఇద్దరిని తీసుకున్నారు: వైమానిక దళం పైలట్ కిమియా యుయి, విమానయాన సంస్థ పైలట్ తకుయా ఒనిషి. అదే ఏడాది సెప్టెంబరులో డాక్టర్ నొరిషిగె కనాయిని కలిపారు. ముగ్గురూ పైన తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళొచ్చారు. యానిమేకీ ఈ ప్రపంచానికీ ఎంత దగ్గరితనమంటే, 2012లో ఆ అంతర్జాతీయ కేంద్రంలో ఉన్న జపాన్ వ్యోమగామి అకిహికో హోషిదె అక్కడినుంచే ఈ సిరీస్‌కి తన పాత్ర డైలాగులు చెప్పారు.

ఇప్పుడు ఆ చివరి ప్రశ్నకి వద్దాం, ఇద్దరిని మీరే ఎంచుకోండి అన్నది. అందరూ ఏం ఊహిస్తారు? వాదన, ఓట్లు, కూటములు. ముత్తా ఏం చేశాడు? రాయి-కాగితం-కత్తెర వేసుకుందాం అన్నాడు. మన ఊళ్ళో పిల్లలు ఆటకి ముందు పంటలు వేసుకుంటారే, అలా. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. జీవితకాలం కలని చేతివేళ్ళకి వదిలేస్తారా అనిపించింది. ఆలోచించిన కొద్దీ అర్థమైంది. ఈ ఐదుగురిలో ఎవరితోనైనా నేను పైకి వెళ్తాను, ఎవరికైనా నా ప్రాణం అప్పగిస్తాను అనుకున్నవాడికే అలా అనడం సాధ్యం. గెలిచినవాడి మీద ఓడినవాడికి కచ్చ మిగలకూడదు అనుకున్నవాడికే సాధ్యం. మిగతా నలుగురూ ఒప్పుకున్నారు చూడండి, అసలు పరీక్ష అది. గడియారం పగిలిన గది, అనుమానం నిండిన గది, రెండు వారాల తర్వాత ఐదుగురినీ సమానమని నమ్మే స్థితికి వచ్చింది. ఎవరు పాసయ్యారన్నది ఆ తర్వాతి సంగతి.

సైకాలజీ పిల్లలు రాసుకోండి, ఇది నా అభిప్రాయం, మీ సిలబస్‌లో ఉండదు: తీసెయ్యడానికి మన పరీక్షలు పనికొస్తాయి. ఎంచుకోవడానికి మాత్రం కలిసి బతికినవాళ్ళ మాటకి మించిన సాధనం మన దగ్గర లేదు.

హిబితో సంగతి చెప్పకుండా వదిలేస్తే అన్యాయం. తమ్ముడు అన్ని పరీక్షల్లోనూ బ్రహ్మాండంగా నెగ్గినవాడు, చంద్రుడి మీద నడిచినవాడు. అక్కడ ప్రమాదం జరిగి చావు అంచుల దాకా వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చాక స్పేస్‌సూట్ వేసుకుంటే చాలు, గుండె దడ, ఊపిరి అందదు. పానిక్ డిజార్డర్. ఎంపికప్పుడు చూసిన మనిషి వేరు, ఇప్పుడున్న మనిషి వేరు. అతను కోలుకుంటాడు, నాసా పెద్దలు మాత్రం నమ్మడానికి వెనకాడతారు. ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. పైలట్లకీ వ్యోమగాములకీ డాక్టరంటే భయం. డాక్టర్ గదిలోకి వెళ్తే బయటికొచ్చేటప్పుడు ఉన్నది ఊడడమే తప్ప కొత్తగా వచ్చేదేమీ లేదని వాళ్ళ లెక్క. అందుకని దాస్తారు. 2007లో ఒక నాసా వ్యోమగామి అరెస్టయ్యాక జరిగిన సమీక్షలో, ఎంపికప్పటి మానసిక పరీక్షని ఏటా చేసే వైద్య పరీక్షల్లో భాగం చెయ్యలేదన్న సంగతి బయటికొచ్చింది. ఒక్కసారి పాసైతే జీవితమంతా పాసే అన్నట్టు.

మన దేశం మాటా ఒకటి. రాకేశ్ శర్మ గారు 1984లో వెళ్ళేముందు, రష్యాకి శిక్షణకి పంపకముందే, బెంగళూరులో వైమానిక దళం వాళ్ళు ఆయన్ని 72 గంటలు ఒక గదిలో పెట్టి తాళం వేశారు. ఇరుకంటే లోలోపల భయం ఉందేమో చూడ్డానికి. అది తీసెయ్యడం పని, అచ్చంగా. తర్వాత ఆయన సోవియట్ అంతరిక్ష కేంద్రం సాల్యూట్-7లో మరో ఐదుగురితో కలిసి ఉన్నారు. ఆ ఐదుగురితో సర్దుకుపోతారో లేదో బెంగళూరు గది చెప్పలేదు, ఒంటరిగా పెట్టారు కదా. గగన్‌యాన్ వాళ్ళు ముగ్గురినీ కలిపి గదిలో పెడితే బాగుంటుందని నా ఆశ.

ప్రశ్నలుంటే అడగండి. టైమ్ ఉంది.

ప్రశ్న: సార్, ఈ మూసిన గదుల పరీక్షల్లో ఎవరికైనా ప్రమాదం జరిగిందా?

జరిగింది. వాలెంతిన్ బొందరెంకో, గగారిన్ బ్యాచ్‌లోనే చిన్నవాడు, 24 ఏళ్ళు. 1961 మార్చిలో మాస్కోలో ఒంటరి గదిలో పదో రోజు. గదిలో ఆక్సిజన్ ఎక్కువ పాళ్ళలో ఉంది. ఒంటికి అంటించిన సెన్సర్లు తీసి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడుచుకుని పక్కకి విసిరాడు. అది ఎలక్ట్రిక్ స్టవ్ మీద పడింది. గది మొత్తం అంటుకుంది. కొన్ని గంటలకే చనిపోయాడు. ఆ తర్వాత మూడు వారాలకి గగారిన్ ఎగిరాడు. ఈ సంగతిని సోవియట్లు పాతికేళ్ళు దాచారు. కాబట్టి ‘ఉత్త గదే కదా’ అని ఎవరైనా అంటే, కాదని చెప్పండి.

ప్రశ్న: యానిమేలోలాగా అభ్యర్థులే ఎంచుకోవడం నిజంగా ఎక్కడైనా జరిగిందా? లేక అది కథ కోసమేనా?

మంచి ప్రశ్న. జరిగింది. 1960 చివర్లో, ఇందాక చెప్పిన 1959 వడపోతలో నెగ్గిన అమెరికా మొదటి వ్యోమగాములు, మెర్క్యురీ ఏడుగురినీ వాళ్ళ బాస్ రాబర్ట్ గిల్రూత్ ఒక చీటీ రాయమన్నాడు: నువ్వు కాకపోతే, మొదట ఎవరు వెళ్ళాలి? ఆ ఓటు ఒక్కటే నిర్ణయించిందని చెప్పలేం, ఇంకా చాలా లెక్కలు ఉండి ఉంటాయి. 1961 జనవరిలో ఏడుగురినీ గదిలోకి పిలిచి, మొదటివాడు అలన్ షెపర్డ్ అని చెప్పాడు. పత్రికలకి, జనానికి అందరికంటే ఇష్టుడు జాన్ గ్లెన్. తనే మొదటివాడినని ఆయన గట్టిగా నమ్మకం పెట్టుకున్నాడు. కెమెరాల ముందు బాగా మాట్లాడేవాడు, మిగతావాళ్ళకి నీతులూ బాగా చెప్పేవాడు. (నవ్వులు) పక్కన మసలినవాళ్ళ చీటీలో ఏం పడిందో మీరే ఊహించుకోండి. గ్లెన్ బాగా నొచ్చుకున్నాడు, మళ్ళీ వెళ్ళి షెపర్డ్‌కి బ్యాకప్‌గా పనిచేశాడు. ఏడాది తిరిగేసరికి, 1962 ఫిబ్రవరిలో, భూమి చుట్టూ తిరిగిన మొదటి అమెరికన్ ఆయనే అయ్యాడు.

వెనక ఎవరో చెయ్యెత్తారు. అమ్మా, నువ్వే, ఆ నీలం చున్నీ. మైక్ అటు ఇవ్వండి.